చిప్పుకు ఖాళీగా వదిలిన మూడు కాళ్లు

మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి నేను చేరిన మొదటి ఉద్యోగం షాద్‌నగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. తొంభైల మధ్యకాలం. పక్క షెడ్డులో ప్లాస్టిక్ బకెట్లు చేసేవాళ్లు. వాళ్ల మిషను నడిచినప్పుడల్లా మా బల్ల మీది స్క్రూలు సన్నగా వణికేవి. మా షెడ్డులో యజమాని, ఇంజనీరు, గుమస్తా అన్నీ ఒక్కరే. ఆయన్ని సార్ అనేవాళ్లం. ఆయన కాక నేను, సాల్డరింగ్ చేసే ఇద్దరు ఆడపిల్లలు.

సార్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. చాలా ఏళ్లు ఒక పెద్ద కంపెనీలో పనిచేసి, బయటికొచ్చి ఇది పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే రైలు దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో నడుచుకుంటూ వచ్చేవారు. తెలుగు బాగా మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం పూర్తిగా ఉర్దూలోకి వెళ్లిపోయేవారు. ఆయనకు కోపం తక్కువ కావడం వల్ల నా ఉర్దూ పెద్దగా బాగుపడలేదు.

మేం చేసేవి చిన్న చిన్న వస్తువులు. మోటార్లు ఆపి వేసే టైమర్లు, తూకం దగ్గర అంకెలు చూపించే డబ్బాలు, అలాంటివి. ప్రతిదాని లోపలా ఒక మైక్రోకంట్రోలర్ ఉండేది. నల్లటి చిప్పు, రెండు పక్కలా జెర్రికి ఉన్నట్టు కాళ్లు. వాటిని పిన్నులు అనాలి, కానీ షెడ్డులో అందరం కాళ్లనే అనేవాళ్లం. ఒక కాలికి కరెంటు ఇవ్వాలి, కొన్ని కాళ్లకు మీటలు కలపాలి, కొన్నింటికి అంకెల దీపాలు. మేం రాసిన ప్రోగ్రాం పక్కనే ఇంకో చిప్పులో ఉండేది. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ. రాసింది తప్పయితే ఆ కిటికీకి ఊదారంగు దీపం వెలుతురు పట్టించి, మొత్తం చెరిపి, మళ్లీ రాయాలి. అది చెరిగేలోపు ఒక చాయ్ తాగి రావచ్చు. తప్పులు ఎక్కువైన రోజుల్లో చాయ్‌లు కూడా ఎక్కువయ్యేవి.

బోర్డు గీసేటప్పుడు సార్‌కు ఒక అలవాటు ఉండేది. చిప్పు కాళ్లలో రెండో మూడో దేనికీ కలపకుండా ఖాళీగా వదిలేవారు. వదిలి ఊరుకోరు, ఆ ఖాళీ కాళ్ల నుంచి గీతలు బోర్డు అంచు దాకా లాగి, అక్కడ నిలబడి ఉండే మొనలు పెట్టించేవారు. చేరిన కొత్తలో అడిగాను.

"ఇవి దేనికి సార్? వీటికి ఏమీ కలపలేదు కదా."

"లోపల చిప్పు ఏం చేస్తాందో నీకు కనిపిస్తదా బేటీ?"

"కనిపించదు సార్."

"దానికి నోరున్నదా?"

"లేదు."

"మరి ఏదో ఒక రోజు అది ఆగిపోతది. ఎక్కడ ఆగిందని ఎవరిని అడుగుతవ్? అందుకే గివి."

ఆయన పాత కంపెనీలో దీనికోసం వేరే పరికరం ఉండేదట. చిప్పు పీకేసి, ఆ జాగాలో దాన్ని గుచ్చితే లోపల జరిగేదంతా తెర మీద కనిపించేదట. మా షెడ్డును రేకులతో సహా అమ్మినా అలాంటిది రాదు. అందుకని మాకు ఈ మొనలే దిక్కు. ప్రోగ్రాంలో ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ ఒక వరుస రాస్తాం: ఈ కాలికి కరెంటు ఇవ్వు. ఇంకొంచెం కింద ఇంకో వరుస: కరెంటు తీసెయ్. మొనకు ఒక బుడ్డి దీపం తగిలిస్తాం. దీపం వెలిగిందంటే ప్రోగ్రాం అక్కడి దాకా వచ్చినట్టు. వెలిగి ఆరకపోతే ఆ రెండు వరుసల మధ్యే ఎక్కడో ఇరుక్కుపోయినట్టు.

నాకు ఈ పని తెగ నచ్చింది. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ అడిగేది, "పొద్దుందాక ఏం చేస్తవే ఆడ?" అని.

"చిప్పు కాళ్లకు దీపాలు పెడుతున్న."

"గా పెట్టేదేదో దేవునికి పెట్టరాదు, మంచి సంబంధమన్న వస్తది" అని నవ్వేది.

ఆ రోజుల్లోనే సార్ స్కూలు గంట మిషను తయారు చేద్దామన్నారు. ఒక డబ్బా. ముందు టైమ్ చూపించే అంకెలు, లోపల కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే గడియారం చిప్పు. ఏ పీరియడ్ ఎప్పుడో ఒకసారి మీటలు నొక్కి పెట్టేస్తే, ఇక రోజూ దానంతట అదే కరెంటు గంట మోగిస్తుంది. పని ఇద్దరం పంచుకున్నాం. గడియారం నుంచి క్షణక్షణం టైమ్ తెచ్చి దాచిపెట్టే భాగం సార్ రాశారు. ఆ టైమ్ చదివి అంకెల్లో చూపించి, సమయమైతే గంట కొట్టే భాగం నేను రాశాను.

మొదటి మిషను కొత్తకోటలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు తీసుకున్నారు. బిగించడానికి సార్, నేను ఎర్రబస్సులో వెళ్లాం. స్కూలు వరండాలో అప్పటిదాకా ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టి గంటలు వాయించే చప్రాసిని పిల్లలంతా తాత అనేవారు. నెరిసిన మీసం, ఖాకీ అంగీ, చెవిలో సగం కాల్చిన బీడీ. మేం గోడకు డబ్బా బిగిస్తుంటే ఆయన నిచ్చెన పట్టుకుని కిందే నిలబడ్డాడు.

"ఇగ నాకు గంట కొట్టే పని లేదన్నట్టు" అన్నాడు.

"మంచిదే కద తాతా, చేతులు నొయ్యవు" అన్నాను.

"నొయ్యవు గని, పిల్లలు నా దిక్కు సూసుడు గూడ బంద్ జేస్తరు. ఆఖరి పీరియడ్ల నా చెయ్యే సూసుకుంట కూసుంటరు బిడ్డా ఆళ్లు."

నవ్వుతూనే అన్నాడు. కడ్డీని మాత్రం ఆఫీసు గదిలో బీరువా వెనక జాగ్రత్తగా పెట్టి వచ్చాడు.

కొన్నాళ్లు మిషను చక్కగా నడిచింది. తర్వాత ఒక రోజు షెడ్డుకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఆ స్కూలు పెద్దమేడమ్. పొద్దున తొమ్మిదికి ప్రార్థన గంట మోగింది, పిల్లలు ప్రార్థన చేసి తరగతులకు వెళ్లారు. పది గంటలకు మొదటి పీరియడ్ అయిపోయినట్టు ఒక పొట్టి గంట మోగాలి. దానికి బదులు ప్రార్థన గంట మోగింది, ఆ పొడుగుదే. పిల్లలంతా కేకలు వేస్తూ మైదానంలోకి పరుగెత్తి మళ్లీ వరుసలు కట్టేశారు. పొడుగు గంట ఆగగానే పొట్టి గంట కూడా మోగింది. అప్పటికే వరుసలో నిలబడ్డవాళ్లకు అదేమిటో అర్థం కాలేదు. కొంతమంది ప్రార్థన మొదలుపెట్టేశారట.

సార్ వెళ్లి ఒక పూటంతా కూర్చుని చూసి వచ్చారు. ఏమీ జరగలేదు. షెడ్డులో అలాంటిదే ఇంకో డబ్బా పెట్టి, టైమ్ పదికి కాస్త ముందుకు తిప్పి, మళ్లీ మళ్లీ చూశాం. ప్రతిసారీ బుద్ధిగా పొట్టి గంటే కొట్టింది.

తర్వాతి వారం మళ్లీ ఫోన్. మళ్లీ అదే పది గంటలకు, అదే ప్రార్థన గంట. ఈసారి మేడమ్ గొంతులో వేరే మాట ఉంది. డబ్బా తాళంచెవి చప్రాసి దగ్గరే ఉంటుందని, మిషను వచ్చినప్పటి నుంచి అతను ముభావంగా ఉన్నాడని, ఎవరూ చూడనప్పుడు మీటలు నొక్కుతున్నాడేమోనని ఆమె అనుమానం. అతన్ని మార్చేద్దామని కమిటీవాళ్లు అంటున్నారట.

ఫోన్ పెట్టేసి సార్ నా వైపు చూశారు. "ఈసారి నువ్వు పో బేటీ. నాకు మిషను ఏమీ చెప్పలే. నీకన్న చెప్తదేమో."

కొత్తకోటలో మా మేనత్త ఇల్లు ఉంది కాబట్టి ఇంట్లో అడ్డు చెప్పలేదు. స్కూలుకు వెళ్లేసరికి తాత గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వరండాలోకి రావద్దన్నారట. తాళంచెవి మేడమ్ తీసేసుకున్నారు.

"ఏంది తాతా గిట్ల గూసున్నవ్?"

"గేటు కాస్తున్న. గేటు గూడ దానంతట అదే తెరుసుకునే మిషను తెస్తవా ఏంది?"

నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. పక్కన గోడ మీద కూర్చున్నాను.

"నువ్వు ముట్టుకున్నవా దాన్ని?"

"ముట్టుకునేటోణ్ణయితే సక్కగ లాంగ్ బెల్లు కొడుదును కద, పిల్లలు ఇంటికన్న పోదురు. పొద్దుగాల పది గొట్టంగ ప్రార్థన గంట కొట్టి నాకేమొస్తది?"

ఆ మాటలో న్యాయం ఉంది. "పదికే మోగిందా, ఇంకెప్పుడన్న గట్ల తప్పు మోగిందా?" అని అడిగాను.

ఆయన గేటు లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎవలకు చెప్పలే. చెప్తే నా మీదికే వస్తదని. రెండు మాట్ల సాయంత్రం ఐదింటికి మోగింది. పిల్లలు లేరు, సార్లు లేరు. నేను గదులకు తాళాలు ఏస్తున్న. ఇంటికి పొయ్యే లాంగ్ బెల్లు మోగింది. నాకు గుండె జల్లుమన్నది."

లాంగ్ బెల్లు మోగవలసింది నాలుగింటికి. అది ఐదింటికి మోగింది. ప్రార్థన గంట మోగవలసింది తొమ్మిదికి. అది పదికి మోగింది. రెండూ సరిగ్గా ఒక గంట ఆలస్యం. మనిషెవరో ఆటపట్టించడానికి మీటలు నొక్కితే ఇంత పద్ధతిగా నొక్కడు అనిపించింది. కానీ అనిపించడం వేరు, చూపించడం వేరు. ఆ రోజంతా డబ్బా ముందు కూర్చున్నాను. పది గంటల ముందు తరగతుల కిటికీల్లోంచి పిల్లలు మెడలు చాచి నన్నే చూశారు. రెండో పీరియడ్ లెక్కలట. ప్రార్థన గంట మోగాలని వాళ్లు మొక్కుకుంటున్నట్టే ఉంది. పొట్టి గంట మోగింది. తరగతులన్నీ కలిసి ఒక్కసారిగా ఉసూరుమన్నాయి.

షెడ్డుకు తిరిగొచ్చి విన్నదంతా సార్‌కు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "ఒక గంట వెనకది కొడుతున్నదా? అట్లయితే కాళ్లకు తీగలు తగిలించు."

మా దగ్గర ఒక పాత ఆసిలోస్కోప్ ఉండేది. ఆకుపచ్చ తెర మీద రెండు గీతలు చూపిస్తుంది. కరెంటు వచ్చినచోట గీత దిబ్బలా పైకి లేస్తుంది, పోగానే కిందకు పడుతుంది. కంటికి అందనంత తొందరగా వెలిగి ఆరే దీపాలను చూడాలంటే అదే దారి. బోర్డు మీద ఖాళీగా వదిలిన మొనలు మూడు. ఒకటి నా భాగానికి ఇచ్చాను: గంటలు చదవగానే కరెంటు ఇవ్వాలి, నిమిషాలు చదివాక తీసెయ్యాలి. రెండోది సార్ భాగానికి: గడియారం కొత్త టైమ్ తెచ్చి పెట్టే క్షణంలో కరెంటు ఇచ్చి తీసెయ్యాలి.

తెర మీద పై గీతలో నా దిబ్బలు వెడల్పుగా, వరుసగా కనిపించాయి. కింది గీతలో సార్‌ది క్షణానికొకసారి సన్నగా సూదిలా లేచింది. ఆ సూది ప్రతిసారీ నా రెండు దిబ్బల మధ్య ఖాళీలోనే పడుతోంది. చూసీ చూసీ కళ్లు లాగాయి.

"ఏమీ లేదు సార్, ఎవరి దారిన వాళ్లు పోతున్నారు" అన్నాను.

అంతలో కరెంటు పోయింది. షాద్‌నగర్‌లో అది వింతేమీ కాదు. పక్క షెడ్డు బకెట్ల మిషను ఆగింది, స్క్రూలు వణకడం ఆగింది. మేం ఎండలోకి వచ్చి నిలబడి కాసేపు కబుర్లు చెప్పుకున్నాం. కరెంటు వచ్చాక లోపలికి వెళ్లి తెర చూసి, నేను ఒక్క కేక పెట్టాను. సాల్డరింగ్ చేస్తున్న అమ్మాయి ఉలిక్కిపడి చెయ్యి కాల్చుకున్నంత పనయింది.

సార్ సూది జరిగింది. ఇప్పుడు సరిగ్గా నా దిబ్బ నడినెత్తిన ఉంది.

సార్ కళ్లజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగారు. స్విచ్ ఆపి వేశాం. సూది ఇంకోచోట పడింది. మళ్లీ ఆపి వేశాం. మళ్లీ ఇంకోచోట. అప్పుడు అర్థమైంది. షెడ్డులో మేం ఎప్పుడూ మీట నొక్కి టైమ్ పెట్టి చూసేవాళ్లం. మీట నొక్కగానే నా భాగం, సార్ భాగం ఒకే క్షణంలో మొదలయ్యేవి. అందుకే ఒకదానికొకటి తగలకుండా నడిచేవి. స్కూల్లో రోజూ కరెంటు పోయి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ రెండింటి వరుస మారిపోతుంది. ఏదో ఒక రోజు నేను గంటలు చదివి, నిమిషాలు చదవబోయే ముందే ఆయన టైమ్ మార్చేస్తారు.

"తొమ్మిది యాభైతొమ్మిది దాటుతాంది అనుకో" అన్నారు సార్ నెమ్మదిగా. "నువ్వు గంటలు చదివినవ్. ఎంత?"

"తొమ్మిది."

"అప్పుడే నేనొచ్చి పది చేసిన. నువ్వు నిమిషాలు చదివినవ్. ఎంత?"

"సున్నా." నేను ఆగాను. "తొమ్మిది సున్నా సార్! ప్రార్థన గంట!"

"అరె వాహ్!" అని ఆయన బల్ల మీద ఒక్కటి చరిచారు. స్క్రూలు మళ్లీ ఎగిరాయి.

టైమ్ పదికి కాస్త ముందు పెట్టి, సూది దిబ్బ మీద పడేదాకా స్విచ్ ఆపి వేసి, డబ్బా అలాగే నడిపిస్తూ పది కోసం కాచుకున్నాం. షెడ్డులో ప్రార్థన గంట మోగింది. సాల్డరింగ్ అమ్మాయిలిద్దరూ లేచి, చేతులు జోడించి వరుసలో నిలబడ్డారు. ఆ వెక్కిరింతకు అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

తప్పు నాదా ఆయనదా అన్న చర్చ చాయ్ దగ్గర నడిచింది. "నా గడియారం మధ్యల దూరుతదని నేను చెప్పలే" అన్నారాయన. "నువ్వు అడగలే. ఇద్దరి పనీ మంచిగనే ఉన్నది. రెండు కలిసే కాడ ఎవ్వరూ చూడలే."

ఫోన్‌లో పెద్దమేడమ్‌కు చెబితే ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మీ షెడ్డులో మోగిందంటే మీ మిషన్‌లో తప్పున్నట్టు. అది సరే. కానీ ఇక్కడ మోగింది ఆ తప్పు వల్లనే అని ఎట్ల చెప్పగలరు? రేపు కమిటీ వాళ్లు నన్ను అడుగుతారు."

ఆమె అన్నదీ సబబే. ప్రోగ్రాం బాగు చేసి పంపేస్తే ఇక తప్పు గంట మోగదు. అప్పుడు జనం, చప్రాసి భయపడి మానేశాడు అనుకుంటారు. ఆ మనిషి మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోతుంది. అందుకని బాగు చెయ్యకముందే, తప్పు జరిగిన క్షణంలో దాన్ని స్కూల్లోనే పట్టుకోవాలి.

దానికి ఒక చిన్న బోర్డు నేనే తయారు చేశాను. నా కాలు, సార్ కాలు రెండూ దానికి కలుపుతాం. సార్ కాలికి క్షణక్షణం కాకుండా, గంట మారేటప్పుడు మాత్రమే కరెంటు వచ్చేలా ప్రోగ్రాం మార్చాం. రెండు కాళ్ల మీదా ఒకేసారి కరెంటు ఉంటేనే ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగిందంటే ఎవరైనా ఆర్పేదాకా ఆరదు, కరెంటు పోయినా చిన్న బ్యాటరీ మీద అలాగే ఉంటుంది. ఇక మిగిలిన మూడో ఖాళీ కాలిని మీటలకిచ్చాను. డబ్బా మీద ఎవరు ఏ మీట నొక్కినా పచ్చ దీపం అలాగే వెలిగి ఉండిపోతుంది. మనిషి ముట్టుకుంటే పచ్చ, తనంతట తాను తప్పితే ఎర్ర.

కొత్తకోట వెళ్లి అది బిగించి, డబ్బాకు తాళం వేసి, చెవి మేడమ్ చేతికే ఇచ్చాను. దీపాలు రెండూ బయటికి కనిపించేలా పెట్టాను. తాతకు కూడా చెప్పాను, ఏ దీపం దేనికో.

"పచ్చది వెలిగితే నేను పోయినట్టు, ఎర్రది వెలిగితే నువ్వు పోయినట్టు" అన్నాడు.

"అంతే తాతా."

"మరి నీకు భయమైతలేదా?"

"అయితాంది" అన్నాను. నిజంగానే భయమేసింది. రెండూ వెలగకుండా ఊరికే ప్రార్థన గంట మోగితే ఏం చెప్పాలి?

మేనత్త ఇంట్లో ఉండిపోయాను. రోజూ పొద్దున జొన్నరొట్టె తిని స్కూలుకు వెళ్లడం, డబ్బా ముందు బెంచీ మీద కూర్చోవడం. మొదటి రోజులు ఏమీ జరగలేదు. పిల్లలకు నేను అలవాటైపోయి, గంటమేడమ్ అని పిలవసాగారు. కరెంటు పోయినప్పుడల్లా నేను ఒక్కదాన్నే సంతోషించేదాన్ని.

ఆ రోజు తొమ్మిదిన్నర ప్రాంతంలో కరెంటు పోయి వచ్చింది. పది కావస్తుండగా మేడమ్ తన గదిలోంచి తాతను పిలిచి, ఫీజు కాగితాల కట్ట ఏదో తరగతులకు పంచమని ఇస్తున్నారు. ఆయన రెండు చేతులా కట్ట పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను అంకెల వైపే చూస్తున్నాను. అంకెలు మారాయి.

ప్రార్థన గంట. పొడుగ్గా, ఆపకుండా.

ఒక్క అరుపుతో తరగతులన్నీ ఖాళీ అయ్యాయి. మైదానమంతా దుమ్ము. తాత కట్ట కింద పడేసి, రెండు చేతులూ పైకెత్తి, "అమ్మా, సూడుండ్రి, నేనీడనే ఉన్న! నా చేతులు గివే!" అని అరిచాడు. మేడమ్ పరుగు లాంటి నడకతో వరండాలోకి వచ్చారు. నేను బెంచీ మీద నిలబడి వేలు చూపించాను.

ఎర్ర దీపం వెలుగుతోంది. పచ్చ దీపం ఆరే ఉంది.

ఆమె తాళం లాగి చూశారు. వేసినట్టే ఉంది. "అంటే ఏమైంది అసలు? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు.

ఆమె గదిలో గోడ గడియారం ఉంది. దాని దగ్గరికి తీసుకెళ్లాను. "మేడమ్, తొమ్మిది యాభైతొమ్మిది అయిందనుకోండి. మీరు చిన్నముల్లు మాత్రం చూశారు. ఎంత?"

"తొమ్మిది."

"అంతలో మిమ్మల్ని ఎవరో పిలిచారు. అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగారు. ఇప్పుడు పెద్దముల్లు మాత్రం చూశారు. అది పన్నెండు మీదికి వచ్చేసింది. చిన్నముల్లును మళ్లీ చూడలేదు. ఇప్పుడు టైమ్ ఎంత అనుకుంటారు?"

ఆమె ఒక్క క్షణం గడియారం వైపు చూసి, "తొమ్మిది గంటలు" అన్నారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫక్కున నవ్వేశారు. "నేను రోజూ చేసే పనే కద ఇది!"

తర్వాత ఆమె నవ్వు ఆగింది. తాత ఇంకా గుమ్మం దగ్గరే, కింద పడ్డ కాగితాలు ఏరుతూ ఉన్నాడు. ఆమె వెళ్లి, తనూ వంగి రెండు కాగితాలు ఏరి ఆయన చేతిలో పెట్టారు.

"ఏమనుకోకయ్యా. నిన్ను ఊరికే అనుమానించిన."

"ఊరికెనే ఎందుకమ్మ, గంట మోగింది కాబట్టి అనుమానించిన్రు" అన్నాడాయన. "ఇప్పుడు గా ఎర్రలైటును మాత్రం జర పది మందికి సూపియ్యిన్రి. గేటు కాడ గూసుంటే పొయ్యేటోడు వొచ్చేటోడు అందరు అడిగిన్రు."

ఆమె చూపించారు. ముందు టీచర్లను పిలిచి, అక్కడే వరండాలో అందరి ముందూ, చప్రాసి తప్పేమీ లేదని, తానే పొరపాటు పడ్డానని చెప్పారు. కమిటీ పెద్దమనిషికి ఫోన్ చేసి కూడా చెప్పారు. మైదానంలో పిల్లలు వరుసలు కట్టి ఎదురుచూస్తూనే ఉన్నారు. వాళ్లను వెనక్కి పంపడానికి ఆమెకు మనసు రాలేదు కాబోలు, "వచ్చిన్రు కదా, ఇంకోసారి ప్రార్థన చేసి పోండి" అన్నారు. లెక్కల పీరియడ్‌లో సగం అలా తగ్గినందుకు ఆ ప్రార్థన ఎంత గట్టిగా చదివారో, ఊరంతా వినిపించి ఉంటుంది.

బాగు చెయ్యడానికి పెద్ద పనేమీ లేదు. టైమ్ చదవడం మొదలుపెట్టినప్పుడు, గంటలూ నిమిషాలూ రెండూ చదివేదాకా గడియారం మధ్యలో దూరకుండా ఆపే వరుస ఒకటి, తర్వాత మళ్లీ దారి వదిలే వరుస ఒకటి. అలా దిద్దిన ప్రోగ్రాం రాసిన చిప్పు షెడ్డు నుంచి బయల్దేరేటప్పుడే నా సంచిలో పెట్టుకున్నాను. పాతది పీకి కొత్తది గుచ్చాను. ఎర్ర దీపాన్ని మాత్రం వెంటనే తియ్యలేదు. ఇంకో రెండు వారాలు దాన్ని అక్కడే ఉంచమన్నాను. అది మళ్లీ వెలగలేదు.

తాతకు పాత చోటు తిరిగి వచ్చింది, తాళంచెవి కూడా. అదీ కాక, ఆయన కోరినదానికి మేడమ్ ఒప్పుకున్నారు. కరెంటు లేనప్పుడు కరెంటు గంట మోగదు కదా, అప్పుడు రైలు పట్టా కొట్టే పని ఆయనదే. ఆ రోజుల్లో కరెంటు ఉన్న తీరుకు ఆయన చేతికి పని బాగానే దొరికి ఉంటుంది.

ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను. ఇప్పటి చిప్పుల్లో, లోపల ఏం జరుగుతోందో చూడటానికి, తయారు చేసేవాళ్లే కొన్ని కాళ్లు విడిగా పెట్టి ఇస్తున్నారు. కంప్యూటర్‌కు ఒక తీగ కలిపితే చాలు, ప్రోగ్రాంను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, ఏ అంకె ఎంతుందో తీరిగ్గా చూడొచ్చు. చాలా సుఖం. అయినా కొత్త బోర్డు గీసేటప్పుడు రెండు మూడు మామూలు కాళ్లు ఖాళీగా వదులుతాను. పక్కన కూర్చున్న కుర్ర ఇంజనీర్లు దేనికని అడుగుతారు. కొత్తకోట కథ మొదలుపెడితే వాళ్ల లంచ్ టైమ్ అయిపోతుంది కాబట్టి, ఉండనీ అంటాను.

స్కూలు నుంచి బయల్దేరిన రోజు తాత బస్టాండు దాకా వచ్చాడు. భుజం మీద గంప. గంప నిండా సీతాఫలాలు, వాళ్ల చెలక గట్టు మీది చెట్లవట. వద్దంటే వినలేదు. కండక్టర్‌తో తనే మాట్లాడి గంపను డ్రైవరు వెనక పెట్టించాడు. షాద్‌నగర్‌లో దిగేసరికి సగం పండిపోయాయి. షెడ్డులో బల్ల మీది బోర్డులన్నీ పక్కకు జరిపి పాత పేపరు పరిచాం. సార్, నేను, సాల్డరింగ్ అమ్మాయిలిద్దరూ చుట్టూ కూర్చున్నాం. పక్క షెడ్డు బకెట్లవాళ్లను కూడా పిలిచాం.

"మెల్లగ తినుండ్రి" అన్నారు సార్, నోటినిండా గుజ్జుతో. "చేతులు కడగకుండ ఒక్కరు గూడ బోర్డులు ముట్టొద్దు!"

అంటూనే ఇంకో పండు విప్పారు.